వెలుగు పంచిన వైద్యుడు

ఇంద్రియాలన్నింటిలో కన్నే ప్రధానమని మన పెద్దలు భావించారు. కాయకష్టం మీద బతికే కుటుంబాలలో ఈ మాటకు అర్థం మరింత లోతైనది. కృష్ణా డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలనే తీసుకుందాం. దుగ్గిరాలలో పసుపు కొమ్ములను ఏరి వేరుచేసే కూలీకి, నిజాంపట్నం తీరంలో చిరిగిన వలను బాగుచేసుకొనే జాలరికి, మాగాణి మడిలో వరినాట్లు వేసే స్త్రీకి కన్నే మొదటి పనిముట్టు. వయసు మీరినకొద్దీ కంటిలో శుక్లం ఏర్పడి చూపు మందగిస్తే ముందుగా కూలి పోతుంది. తరువాత ఇంటిలో మాటకు విలువ తగ్గుతుంది. చివరకు చేయి పట్టుకొని నడిపించడానికి ఒక మనిషి కావలసివస్తుంది. తరచు ఆ పని బడికి వెళ్ళవలసిన మనుమడి మీదనో, మనుమరాలి మీదనో పడుతుంది. ఈ విధంగా ఒక వృద్ధుని అంధత్వం ఒక బిడ్డ చదువును కూడా హరిస్తుంది.

శుక్లానికి చికిత్స లేకపోలేదు. మసకబారిన సహజ కటకాన్ని తొలగించి, దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని అమర్చితే చూపు తిరిగివస్తుంది. అయితే ఆ కటకం ఒకప్పుడు విదేశాల నుండి దిగుమతి కావలసిన ఖరీదైన వస్తువు. పేదవారికి అది అందని మ్రానిపండు. అటువంటి కటకాన్ని లాభాపేక్ష లేకుండా మన దేశంలోనే తయారుచేయించి, పేదవారి కంటికి చేర్చిన మహనీయుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. ఆయన పుట్టి పెరిగినది, సేవచేసినది తమిళనాడులోనే అయినా ఆ కృషి ఫలం ఆంధ్రదేశానికి, ప్రపంచంలోని నూటికి పైగా దేశాలకు అందింది.

వెంకటస్వామి 1918 అక్టోబరు 1వ తేదీన తమిళనాడు దక్షిణ ప్రాంతంలోని వడమలాపురం అనే చిన్న గ్రామంలో జన్మించారు. ఆయనది వ్యవసాయ కుటుంబం. తండ్రి గోవిందప్ప, తల్లి లక్ష్మి. ఐదుగురు సంతానంలో ఆయనే పెద్దవారు. ఆ ఊరిలో పలకా, కాగితమూ కూడా అరుదైన రోజులవి. పిల్లలు ఏటి ఒడ్డు నుండి ఇసుక తెచ్చి, నేలపై పరచి, వ్రేలితో అక్షరాలు దిద్దుకొనేవారు. బడికి వెళ్ళే ముందు గేదెలను మేతకు తోలుకొనిపోవడం కూడా వెంకటస్వామి విధులలో ఒకటి.

ఆ గ్రామంలో వైద్యుడు లేడు. బాలుడైన వెంకటస్వామికి పదేళ్ళ వయసు వచ్చేనాటికి బంధువుల ఇండ్లలో ముగ్గురు స్త్రీలు ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించారు. సకాలంలో ఒక వైద్యుడు ఉంటే వారు బ్రతికేవారన్న ఆలోచన ఆయనను వదలలేదు. తాను ప్రసూతి వైద్యుడు కావాలని ఆనాడే నిశ్చయించుకున్నారు. మదురైలోని అమెరికన్ కళాశాలలో రసాయనశాస్త్రం ప్రధానాంశంగా 1938లో పట్టభద్రులయ్యారు. తరువాత మద్రాసులోని స్టాన్లీ వైద్య కళాశాలలో చేరి 1944లో వైద్యపట్టా పొందారు. గాంధీజీ నడిపిన జాతీయోద్యమం దేశమంతటినీ కదిలిస్తున్న కాలమది. నిరాడంబరత, పేదల సేవ అనే రెండు ఆదర్శాలు ఆ యువకుని మనస్సులో ఆనాడే నాటుకున్నాయి. కొంతకాలానికి శ్రీ అరవిందుల ఆధ్యాత్మిక చింతన కూడా ఆయనను ఆకర్షించింది.

పట్టా చేతికి వచ్చిన తరువాత ఆయన భారత సైనిక వైద్య విభాగంలో చేరారు. ఆ ఉద్యోగం ఎంతోకాలం సాగలేదు. తీవ్రమైన కీళ్ళవాతం ఆయన శరీరాన్ని ఆక్రమించింది. 1948లో సైన్యం ఆయనకు సెలవిచ్చి పంపివేసింది. ఏడాదికి పైగా ఆయన ఆసుపత్రి మంచానికే పరిమితమయ్యారు. లేచి నిలబడటమే గగనమైంది. వ్యాధి ఉధృతి తగ్గిన తరువాత చూసుకుంటే చేతివ్రేళ్ళు శాశ్వతంగా వంకరపోయాయి. కలం పట్టుకోవడానికి కూడా అవి సహకరించలేదు. గంటల తరబడి నిలబడి, చేతుల బలంతో చేయవలసిన ప్రసూతి వైద్యం ఇక ఆయనకు సాధ్యం కాదని తేలిపోయింది. చిన్ననాటి నుండి పెంచుకున్న ఆశయం ముప్పై ఏళ్ళ వయసులో కళ్ళముందే కూలిపోయింది.

సామాన్యుడైతే అక్కడితో ఆగిపోయేవాడు. వెంకటస్వామి మాత్రం తనకు మిగిలిన శక్తితో ఏమి చేయగలనని ఆలోచించారు. కూర్చొని చేయదగిన శస్త్రచికిత్స కంటికి సంబంధించినది. అది బలంకంటె నేర్పు కోరుతుంది. ఆయన మద్రాసులోని ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో శిక్షణ పొంది 1951లో నేత్రవైద్యంలో డిప్లొమా, 1954లో ఎం.ఎస్. పట్టా సాధించారు. ముందుగా కలం పట్టుకోవడం మళ్ళీ నేర్చుకున్నారు. ఆ తరువాత శస్త్రచికిత్స కత్తిని పట్టుకోవడం అభ్యసించారు. మామూలు పరికరాలు తన వ్రేళ్ళకు ఇమడకపోతే, ఆ వ్రేళ్ళకు అనువైన పరికరాలను రూపొందింపజేసుకున్నారు. క్రమంగా ఆ వంకరపోయిన వ్రేళ్ళే ఒక్కరోజులో నూరు శుక్ల శస్త్రచికిత్సలు చేయగల స్థితికి చేరుకున్నాయి. జీవితకాలంలో ఆయన చేసిన కంటి శస్త్రచికిత్సలు లక్షకు పైబడ్డాయి.

ఈ ఘట్టంలో మనం గమనించవలసిన విషయం ఒకటున్నది. పరికరం ఎంత గొప్పదైనా దానిని వాడవలసిన చేతికి ఒదగకపోతే నిష్ప్రయోజనమని ఆయన తన శరీరం ద్వారానే తెలుసుకున్నారు. కొన్ని దశాబ్దాల తరువాత ఇదే సత్యం మరొక రూపంలో ఆయనకు ఎదురైంది. పరికరం దానిని వాడవలసిన మనిషి సంపాదనకు కూడా ఒదగాలి. ఆయన జీవితంలోని ప్రథమార్ధాన్ని ఉత్తరార్ధంతో కలిపే సూత్రం ఇదే.

1956లో వెంకటస్వామి మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్రవైద్య విభాగానికి అధిపతి అయ్యారు. అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో కంటి శస్త్రచికిత్స నిపుణులుగా కూడా పనిచేశారు. సుమారు ఇరవై ఏళ్ళు సాగిన ఈ ఉద్యోగ కాలంలో ఆసుపత్రికి వచ్చేవారికంటె రాలేనివారే ఎక్కువ అని ఆయన గ్రహించారు. అందువల్ల 1960 తరువాతి సంవత్సరాలలో గ్రామాలలో కంటివైద్య శిబిరాలు నిర్వహించడం ప్రారంభించారు. బడులలో, సత్రాలలో, ఎక్కడ నీడ దొరికితే అక్కడ వైద్యబృందం పనిచేసింది. చూపు తిరిగిరాని వారికోసం పునరావాస కేంద్రాన్ని నెలకొల్పారు. వైద్యులకు తోడుగా పనిచేసే నేత్ర సహాయకులకు శిక్షణ ఇప్పించారు. 1965లో న్యూయార్కులో జరిగిన ఒక సమావేశంలో, అంధుల సంక్షేమానికి అంకితమైన సర్ జాన్ విల్సన్‌తో ఆయనకు పరిచయమైంది. విల్సన్ స్వయంగా అంధుడు. నివారించదగిన అంధత్వాన్ని దేశస్థాయిలో ఎదుర్కోవాలన్న ఆలోచన ఈ మైత్రితో బలపడింది. 1973లో భారత ప్రభుత్వం వెంకటస్వామిని పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. 1976లో మన దేశంలో జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం ప్రారంభమైంది.

అదే సంవత్సరంలో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన కొత్త బాధ్యతను తలకెత్తుకున్నారు. తల్లిదండ్రుల స్మృత్యర్థం గోవెల్ ట్రస్టు అనే ధర్మసంస్థను స్థాపించి, మదురైలో ఒక ఇంటిలో పదకొండు పడకలతో కంటి ఆసుపత్రిని తెరిచారు. శ్రీ అరవిందుల పట్ల గల భక్తితో దానికి అరవింద కంటి ఆసుపత్రి అని పేరు పెట్టారు. చేతిలో చాలినంత ధనం లేదు. ఇల్లు తాకట్టు పెట్టవలసివచ్చింది. కుటుంబంలోని నగలు కూడా కుదువకు వెళ్ళాయి. ఆయన అవివాహితులు. తోబుట్టువులు, వారి జీవిత భాగస్వాములే ఆయనకు అండగా నిలిచారు. సోదరి డాక్టర్ నాచ్చియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి నేత్రవైద్యులుగా ఆ యజ్ఞంలో పాలుపంచుకున్నారు. సోదరుడు శ్రీనివాసన్ భవన నిర్మాణ బాధ్యతలను స్వీకరించారు. వెంకటస్వామి సంస్థ నుండి జీతం తీసుకోలేదు. తన పింఛనుతోనే కాలం గడిపారు.

అరవింద ఆసుపత్రి దానాల మీద ఆధారపడి నడిచే సంస్థ కాదు. చెల్లించగలిగిన రోగులు మార్కెట్ ధర మేరకు చెల్లిస్తారు. ఆ మిగులుతో చెల్లించలేనివారికి ఉచితంగానో, నామమాత్రపు రుసుముకో చికిత్స జరుగుతుంది. మొత్తం రోగులలో ఎక్కువమంది ఈ రెండవ కోవకు చెందినవారే. గదులలో, భోజన వసతులలో తేడా ఉండవచ్చు గాని, శస్త్రచికిత్స చేసే వైద్యులు మాత్రం వంతులవారీగా ఇరువురికీ చికిత్స చేస్తారు. ఇది సాధ్యం కావాలంటే ఒక్కొక్క శస్త్రచికిత్సకు అయ్యే ఖర్చు బాగా తగ్గాలి. అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఫలహారశాలలను చూసినప్పుడు వెంకటస్వామికి ఈ విషయంలో ఒక మార్గం తోచింది. వేలాది చోట్ల ఒకే పద్ధతి, ఒకే శుభ్రత, ఒకే నాణ్యత అక్కడ ఎలా సాధ్యమవుతున్నాయో ఆయన పరిశీలించారు. తినుబండారాలకు సాధ్యమైన క్రమశిక్షణ చూపునిచ్చే పనికి ఎందుకు సాధ్యం కాకూడదని ఆలోచించారు.

దాని ఫలితంగా శస్త్రచికిత్సాలయం స్వరూపమే మారింది. వైద్యుని ఎదుట రెండు బల్లలు పక్కపక్కన ఉంటాయి. ఒక బల్లపై శస్త్రచికిత్స జరుగుతుండగానే రెండవ బల్లపై తరువాతి రోగిని సహాయకులు సిద్ధం చేస్తారు. మొదటిది పూర్తికాగానే వైద్యుడు సూక్ష్మదర్శినిని రెండవ వైపునకు తిప్పి పని కొనసాగిస్తాడు. కంటి పరీక్ష, చుక్కల మందు వేయడం, కట్లు కట్టడం వంటి పనులను గ్రామాల నుండి ఎంపికచేసి రెండేళ్ళు శిక్షణ ఇచ్చిన యువతులు నిర్వహిస్తారు. తత్ఫలితంగా వైద్యుని సమయంలో ఒక్క నిమిషం కూడా వృథా కాదు. అక్కడి వైద్యుడు ఏడాదికి సుమారు రెండు వేల శస్త్రచికిత్సలు చేయగలుగుతాడు. సాధారణంగా ఇతర చోట్ల జరిగేదానికంటె ఇది ఎన్నో రెట్లు అధికం.

ఇంత సాధించినప్పటికీ ఒక లోపం ఆయనను వేధిస్తూనే ఉన్నది. పాత పద్ధతిలో శుక్లంతోపాటు కంటిలోని కటకాన్ని దాని పొరతో సహా తొలగించేవారు. దాని స్థానంలో ఏమీ అమర్చేవారు కాదు. రోగి జీవితాంతం దళసరి కళ్ళద్దాలు ధరించవలసివచ్చేది. వీటినే జనం సోడాబుడ్డి అద్దాలని పిలిచేవారు. వాటిలో నుండి చూస్తే వస్తువులు పెద్దవిగా, దగ్గరగా ఉన్నట్లు కనబడతాయి. పక్కచూపు ఆనదు. మెట్టు దిగేటప్పుడు, గట్టు మీద నడిచేటప్పుడు అడుగు తడబడుతుంది. పొలం పనిలో అద్దాలు జారి పగిలితే ఆ మనిషి మళ్ళీ అంధుడే. కొత్త అద్దాలు కొనుక్కొనే శక్తి లేనివారికి శస్త్రచికిత్స జరిగీ ప్రయోజనం లేకుండాపోయేది.

దీనికి పరిష్కారం అప్పటికే ప్రపంచానికి తెలుసు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల ముందుభాగంలోని పారదర్శకమైన ప్లాస్టిక్ పగిలి, ఆ ముక్కలు కొందరు వైమానికుల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలను కన్ను తిరస్కరించకుండా ఇముడ్చుకోవడాన్ని బ్రిటిష్ నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ గమనించాడు. ఆ పదార్థంతోనే కటకాన్ని తయారుచేయించి 1949 నవంబరులో లండనులో ఒక రోగి కంటిలో అమర్చాడు. మొదట్లో తోటి వైద్యులు దీనిని వ్యతిరేకించినా, 1980 నాటికి సంపన్న దేశాలలో ఈ పద్ధతి స్థిరపడింది. కాని ఒక్కొక్క కటకం ధర సుమారు వంద డాలర్లు ఉండేది. నాటి వ్యవసాయ కూలీకి అది అనేక నెలల కష్టార్జితంతో సమానం.

అప్పటికి అంతర్జాతీయ నిపుణులలో పలువురు ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. కృత్రిమ కటకం బీద దేశాలకు తగినది కాదని, అక్కడ పాత శస్త్రచికిత్స, దళసరి అద్దాలు చాలునని వారి అభిప్రాయం. ఆ వాదన పైకి సహేతుకంగానే కనిపిస్తుంది. ఉన్న కొద్దిపాటి ధనంతో ఎక్కువమందికి ఎంతో కొంత చూపు ఇవ్వడం మేలుకదా అని అనిపిస్తుంది. వెంకటస్వామి ఈ వాదనను అంగీకరించలేదు. ధనికునికి ఒక చూపు, దరిద్రునికి మరొక చూపు ఉండరాదన్నది ఆయన నిశ్చయం. చూపు సరిగా లేక పని పోతే ఎక్కువగా నష్టపోయేది పేదవాడే కనుక, మంచి కటకం అవసరం అతనికే ఎక్కువ. కటకం ఖరీదైనదైతే పేదవానికి నిరాకరించవలసిన పని లేదు. దాని ధరనే తగ్గించాలి.

కొంతకాలం అమెరికాలోని తయారీదారులు దానంగా ఇచ్చిన కటకాలతో అరవింద ఆసుపత్రి పేదలకు కొత్త పద్ధతిలో చికిత్స చేసింది. అయితే దానం ఎప్పుడు వస్తుందో, ఎంత వస్తుందో తెలియదు. వచ్చిన కటకం శక్తి, రోగి కంటికి అవసరమైన శక్తి ఒకటే కావాలన్న నియమమూ లేదు. దయమీద ఆధారపడిన వైద్యం నిలకడగా సాగదని స్పష్టమైంది. అమెరికాలోని సేవా ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ ఇందులో తోడ్పడింది. ఆ సంస్థ తరఫున డేవిడ్ గ్రీన్ సాంకేతిక పరిజ్ఞానాన్ని సమకూర్చే పనికి పూనుకున్నారు. అమెరికాలో ఇంజనీరింగు ఉన్నత విద్య పూర్తిచేసిన డాక్టర్ పి. బాలకృష్ణన్ తయారీ బాధ్యతను స్వీకరించారు. ఈ కృషి ఫలితంగా 1992లో మదురైలో ఆరోలాబ్ అనే కర్మాగారం వెలసింది. అది లాభాన్ని పంచుకొనే వాటాదారులు లేని ధర్మసంస్థ. మిగులు ధనమంతా తిరిగి పరిశోధనకు, విస్తరణకు వినియోగమవుతుంది.

కటకం తయారీ సులభమైన పని కాదు. కంటిలో అమర్చే ఈ చిన్ని బిళ్ళ వ్యాసం సుమారు 6 మిల్లీమీటర్లు. దానికి ఇరువైపులా వెంట్రుకల వంటి సన్నని కొక్కేలు రెండు ఉంటాయి. అవి కటకాన్ని కంటిలో కదలకుండా నిలుపుతాయి. పారదర్శకమైన ప్లాస్టిక్‌ను అతి సూక్ష్మమైన కొలతలతో యంత్రంపై చెక్కాలి. అంచులు నునుపు దేరేవరకు మెరుగుపెట్టాలి. దుమ్ము కణం కూడా చొరరాని గదులలో ఈ పని సాగాలి. ప్రతి కటకాన్నీ సూక్ష్మదర్శిని కింద పరీక్షించాలి. సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసి మూసివేయాలి. ఏ చిన్న గరుకుదనం మిగిలినా, ఏ కొలత తప్పినా ఒక మనిషి కన్ను పోతుంది. ధర తగ్గించవచ్చును గాని, ఈ నియమాలలో ఒక్కదానిని కూడా సడలించడానికి వీలులేదు.

మరి ధర ఎలా తగ్గింది? మొదటి కారణం లాభాపేక్ష లేకపోవడం. రెండవది, ఉత్పత్తి పరిమాణం. అరవింద ఆసుపత్రులలోనే ఏటా వేలాది శస్త్రచికిత్సలు జరుగుతున్నందువల్ల యంత్రాలు ఖాళీగా ఉండవలసిన అవసరం కలగలేదు. యంత్రం ఖరీదు లక్షలాది కటకాల మీద పంచుకుంటే ఒక్కొక్కదానిపై పడే భారం స్వల్పం. మూడవది, సమీప గ్రామాల యువతులకు శిక్షణ ఇచ్చి నిపుణులుగా తీర్చిదిద్దడం. నాల్గవది, ప్రచారాలకు, మధ్యవర్తులకు ఖర్చు లేకపోవడం. వీటన్నిటి ఫలితంగా దిగుమతి కటకం వంద డాలర్లు పలుకుతున్న రోజులలో ఆరోలాబ్ కటకం సుమారు పది డాలర్లకే లభించింది. కాలక్రమంలో ఆ ధర ఇంకా దిగివచ్చింది. తయారైన కటకాలను వాడే వైద్యులు అదే ఊరిలో ఉండటంవల్ల ఏ లోపం కనిపించినా వెంటనే తయారీదారులకు తెలిసేది. ఐరోపా దేశాల నాణ్యతా ముద్రను కూడా ఆ కటకాలు సంపాదించుకున్నాయి.

చవక వస్తువు నాసిరకంగా ఉంటుందన్న అనుమానం లోకంలో సహజం. దానికి సమాధానం మాటలతో కాక పరీక్షతో చెప్పాలని అరవింద బృందం భావించింది. రెండు కళ్ళలోను శుక్లం ఉన్న 3,400 మంది రోగులను ఎంచుకొని మదురైలో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. వారిలో కొందరికి పాత పద్ధతిలో శస్త్రచికిత్స చేసి అద్దాలు ఇచ్చారు. మిగిలినవారికి కొత్త పద్ధతిలో కృత్రిమ కటకాలు అమర్చారు. ఫలితాలు 1998లో వెలువడ్డాయి. చూపులోను, రోజువారీ పనులు చేసుకోగలగడంలోను కటకం పొందినవారే మెరుగైన స్థితిలో ఉన్నారని తేలింది. బీద దేశాలకు పాత పద్ధతి చాలునన్న వాదనకు దీనితో బలం తగ్గిపోయింది.

ఆరోలాబ్ కటకాలతో ఆగలేదు. కంటి శస్త్రచికిత్సలో వాడే కుట్టుదారం వెంట్రుకకంటె సన్నగా ఉంటుంది. అది కూడా దిగుమతి అవుతూ ఎంతో ఖరీదు పలికేది. 1990వ దశకం చివర నుండి ఆ దారాన్ని కూడా మదురైలోనే తయారుచేయసాగారు. కంటి మందులు, శస్త్రచికిత్సకు కావలసిన ఇతర పరికరాలు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. ఇతర ఆసుపత్రులకు తమ పద్ధతులను బోధించడానికి 1992లో లయన్స్ సంస్థ సహకారంతో ఒక శిక్షణ సంస్థ ఏర్పడింది. తన విధానాన్ని రహస్యంగా దాచుకోవడం వెంకటస్వామి స్వభావంలో లేదు. ఎవరు అడిగినా నేర్పించడమే ఆయన పద్ధతి.

వస్తువు ధర తగ్గినంత మాత్రాన సమస్య తీరిపోదని కూడా ఆయన త్వరలోనే గ్రహించారు. శస్త్రచికిత్స ఉచితమని చాటినా చాలామంది వృద్ధులు ముందుకు రాలేదు. విచారిస్తే కారణాలు తెలిశాయి. బస్సు ఛార్జీ లేదు. తోడు వచ్చేవారికి ఆనాటి కూలి పోతుంది. భోజనం ఎవరు పెడతారో తెలియదు. అన్నిటికీ మించి భయం. అందువల్ల శిబిరాలలో పరీక్షలు మాత్రమే జరిపి, అవసరమైనవారిని సంస్థ బస్సులలో ఆసుపత్రికి తీసుకొనివెళ్ళి, భోజన వసతులు కల్పించి, చికిత్స తరువాత తిరిగి ఊరికి చేర్చే ఏర్పాటు చేశారు. చూపు తిరిగివచ్చిన మనిషి తన ఊరిలో నడుస్తుంటే చూసి మరికొందరు ధైర్యం తెచ్చుకొనేవారు.

ఈ కృషికి ఆంధ్రదేశంతో గల సంబంధం కూడా తెలుసుకోదగినది. 1996 నుండి 2000 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు ప్రాంతాలలో జరిగిన కంటి వ్యాధుల అధ్యయనం, జనాభాలో 1.84 శాతం మంది అంధులని అంచనా వేసింది. అంటే ప్రతి నూరుగురిలో దాదాపు ఇద్దరు. వారి అంధత్వానికి అతి పెద్ద కారణం శుక్లమే. ప్రపంచబ్యాంకు సహాయంతో 1994 నుండి 2002 వరకు ఏడు రాష్ట్రాలలో శుక్ల అంధత్వ నివారణ పథకం అమలు జరిగింది. ఆ ఏడింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దళసరి అద్దాల స్థానంలో కృత్రిమ కటకాల చికిత్స సామాన్యులకు చేరడంలో ఈ పథకానిది ముఖ్యపాత్ర. కటకం చవకగా దేశంలోనే దొరకకపోయినట్లయితే ఏ ప్రభుత్వమూ అంత పెద్దయెత్తున ఈ మార్పును తలపెట్టగలిగేది కాదు. 1987లో హైదరాబాదులో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థ కూడా పేదలకు ఉచితంగా, నాణ్యత తగ్గకుండా చికిత్స చేసే మార్గాన్నే అనుసరించింది. 2019లో తిరుపతిలో అరవింద కంటి ఆసుపత్రి ప్రారంభమైంది. డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల మొదలుకొని రాయలసీమ వరకు ఒకప్పుడు ఊరూరా కనిపించిన సోడాబుడ్డి అద్దాల వృద్ధులు నేడు అరుదైపోవడం వెనుక ఇటువంటి ఎందరో కార్యశీలుర శ్రమ ఉన్నది.

వెంకటస్వామి జీవితం చివరి దశ వరకు నిరాడంబరంగానే సాగింది. వృద్ధాప్యంలో కూడా ప్రతిరోజూ ఆసుపత్రికి వచ్చి రోగులతో, సిబ్బందితో గడిపేవారు. తేని, తిరునల్వేలి, కోయంబత్తూరు, పుదుచ్చేరి పట్టణాలకు అరవింద ఆసుపత్రులు విస్తరించాయి. పదకొండు పడకలతో మొదలైన సంస్థ ఏటా రెండు లక్షలకు పైగా శస్త్రచికిత్సలు చేసే స్థితికి చేరడం ఆయన కన్నులారా చూశారు. 2006 జులై 7వ తేదీన, 87వ ఏట, మదురైలో ఆయన కన్నుమూశారు. ఆయన తరువాత కూడా సంస్థ క్షీణించలేదు. 2008లో గేట్స్ ప్రపంచ ఆరోగ్య పురస్కారం, 2010లో కాన్రాడ్ హిల్టన్ మానవతా పురస్కారం అరవింద సంస్థను వరించాయి. వ్యక్తి పోయినా వ్యవస్థ నిలవడం ఆయన నిర్మాణ దక్షతకు నిదర్శనం.

వెంకటస్వామి కొత్త కటకాన్ని కనిపెట్టలేదు. కనిపెట్టినవాడు రిడ్లీ. కంటిలో అమర్చే నేర్పు కూడా ఇతర దేశాలలో అప్పటికే అభివృద్ధి చెందింది. అయితే ఒక ఆవిష్కరణ పుట్టడం వేరు, అది అవసరమైనవారికి చేరడం వేరు. ఈ రెండింటి మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చడం కూడా శాస్త్రజ్ఞుల బాధ్యతే. ఇంజనీరింగు, వైద్యం, వాణిజ్యం, ఏ శాఖలో అడుగుపెట్టే విద్యార్థి అయినా తాను తయారుచేసే వస్తువు ఎవరి చేతికి ఒదగాలి, ఎవరి సంపాదనకు అందాలి అని ముందుగా ఆలోచించడం నేర్చుకోవాలి. ఆ ఆలోచన లేని నైపుణ్యం కొందరికే ఉపకరిస్తుంది. ఆ ఆలోచనతో కూడిన నైపుణ్యం ఎంతదూరం వెళ్ళగలదో చెప్పడానికి కలం పట్టలేని వ్రేళ్ళతో లక్షమందికి చూపునిచ్చిన ఈ వైద్యుని జీవితమే సాక్ష్యం.